ఉప్పు తక్కువన్న రాజు

ఒకానొక రాజ్యంలో, అది ఏ దిక్కున ఉండేదో నాకు చెప్పినవాళ్లకే తెలియదు గనక నన్నడక్కండి, మార్తాండభూపతి అనే రాజు ఉండేవాడు. యుద్ధంలో ఏపాటివాడో గానీ, రుచి చూడటంలో తనంతటివాడు ముల్లోకాల్లో లేడని ఆయన నమ్మకం. మహారాణి చిత్రాంబ బతికున్నన్నాళ్లూ ఆ గొప్ప భోజనాల గది దాటి బయటికి రాలేదు. ఆవిడ జ్వరంతో కన్నుమూశాక, నెల తిరక్కుండా రాజు వంటల పోటీలు పెట్టించాడు.

కోట ముందు పెద్ద పందిరి వేశారు. నెలకు ఒకరో ఇద్దరో వంటవాళ్లు వచ్చి అందరి ముందూ వండాలి. రాజుకు నచ్చితే రాణిగారి వంటిల్లు వాళ్లకు అప్పగిస్తారు. నచ్చకపోతే మర్నాడు పొద్దున్నే అదే పందిట్లో వాళ్ల గరిటె విరగ్గొడతారు. గరిటె విరిగినవాళ్లు ఆ రాజ్యంలో మళ్లీ పదిమందికి వండకూడదు. మొదట్లో జనం ఆశపడి వచ్చారు. తర్వాత భటులు పిలుచుకొస్తే వచ్చారు. ఏడాది తిరిగేసరికి పద్దెనిమిది గరిటెలు విరిగాయి, ఒక్కరూ నెగ్గలేదు.

ఆ పోటీకి ఇంకో కట్టుబాటు ఉంది. రాజు రుచి చూడకముందు ఎవరూ నోట పెట్టకూడదు, వండినవాళ్లయినా సరే. రాజు తిన్న తర్వాత అది ఎంగిలి, అప్పుడూ ఎవరూ ముట్టకూడదు. మిగిలిందంతా ఏట్లో కలిపేస్తారు. అంటే ఆ వంటల రుచి రాజుకు తప్ప ఇంకొకరికి తెలియదన్నమాట. అయినా చూడవచ్చిన జనం నోళ్లు ఊరుకున్నాయా? ఇంట్లో గంజి వార్చడం రానివాడు కూడా పోపు మాడిందనేవాడు. ఫలానావాడు నెగ్గుతాడని ఒక వీధి, మరొకడని ఇంకో వీధి. ఒక మెతుకు నాలిక మీద పడకుండానే వియ్యంకులు మాటలు మానేసుకున్నారు.

వెనక నిలబడ్డవాళ్లకు ఏమీ కనిపించదు గనక, ఆస్థాన విదూషకుడు గవరయ్య మంచె ఎక్కి, జరిగేది జరిగినట్టు కేకేసి చెప్పేవాడు. జరిగేది ఒక వంతు, తన అభిప్రాయాలు మూడు వంతులు. ఒకడు పప్పు మీద కొత్తిమీర దోసెడు చల్లితే, అడుగంటిందని తేల్చేశాడు. ఇంకొకడు ఉల్లిపాయలు తరుగుతూ రాజు వంక చూసి కళ్లు ఒత్తుకుంటుంటే, ఇతను నాటకాల పోటీకి వెళ్లబోయి దారి తప్పాడన్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. అతని గరిటె మర్నాడు విరిగింది. అప్పుడు గవరయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు అతన్ని బాధించింది.

నోటికి తగ్గట్టు గవరయ్యకు కళ్లున్నాయి. ఒకసారి ఒక వంటవాడు మిరియాల చారు కాచాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్లందరూ ఆ ఘాటుకి తుమ్మి తుమ్మి లేచిపోయారు. రాజు మాత్రం గిన్నెడు చారూ తాగి, కన్నయినా చెమర్చకుండా, "ఉప్పు తక్కువ" అన్నాడు. గవరయ్య ఆ సంగతి మంచె మీద నుంచి చెప్పలేదు. మనసులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత లెక్కేసుకుంటే రాజు ప్రతి వంటకూ అదే మాట అన్నాడని తేలింది.

పంతొమ్మిదో మనిషిగా పేరిందేవమ్మను తీసుకొచ్చారు. ఆవిడ ఏటి ఒడ్డు సత్రంలో ముప్పై ఏళ్లుగా వండుతోంది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. గవరయ్యకు పెళ్లీ పెటాకులూ లేవు గనక రెండు పూటలా అతని భోజనం అక్కడే. ఆవిడకు ఒక అలవాటు ఉంది. కొంచెం వండటం చేతకాదు. వండితే నలభై మందికే వండాలి, ఉప్పు దోసిలితోనే వేయాలి. చెంచాలతో వేయమంటే ఆవిడ చెయ్యి తడబడుతుంది.

అందుకని పందిట్లో కూడా గంగాళం పెట్టి మెంతి పులుసు కాచింది. ఒక గిన్నె రాజు ముందు పెట్టి, రాజు చెయ్యి పెట్టకముందే మిగతాది సత్రానికి పంపడానికి అనుమతి అడిగింది. అది ఎంగిలి కాదు గనక అధికారులు సరేనన్నారు. రాజు ఒక ముద్ద కలుపుకుని నోట పెట్టుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. తెరిచి, "ఉప్పు తక్కువ" అన్నాడు.

ఆ మధ్యాహ్నం సత్రంలో గవరయ్య ఆ గంగాళంలో పులుసే తిన్నాడు. మొదటి ముద్దకే అతని చెయ్యి ఆగిపోయింది. ఉప్పు సరిగ్గా ఉంది. బంతిలో నలభై మంది ఉన్నారు, వడ్డించేవాణ్ణి ఉప్పు అడిగినవాడు ఒక్కడు లేడు. పోటీలో వండిన వంట రాజు కాకుండా ఇంకొకరు తినడం అదే మొదలు. మిరియాల చారు గుర్తొచ్చింది. తప్పు ఏ వంటవాడి చేతిలోనూ లేదని అతనికి అప్పుడు అర్థమైంది.

లేచి వంటింట్లోకి వెళ్లాడు. పేరిందేవమ్మ పొయ్యి ముందు ఊరికే కూర్చుని ఉంది. సాయంత్రానికి చారు మరుగుతోంది. పులుసులో ఏ లోపమూ లేదని, నలభై మంది సాక్ష్యమని గవరయ్య చెప్పాడు.

"నాలిక ఎవరిది వారిదే నాయనా. ఆయనకు తక్కువైందేమో," అంది. తర్వాత తన కుడిచెయ్యి చూసుకుంది. "గరిటె పోతే పోనీ. ఇందాక చారులో వేద్దామని ఉప్పు పట్టుకున్నాను. ఎంత వేయాలో తెలియలేదు. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అడగని ప్రశ్న ఈ చెయ్యి నన్నడిగింది."

గవరయ్య ఆ చేతి వంక చూశాడు. పద్దెనిమిది మందికీ ఇదే జరిగి ఉంటుంది గదా అనుకున్నాడు. వాళ్లను చూసి మంచె మీద తను వేసిన హాస్యాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

మర్నాడు పందిట్లో భటుడు గరిటె చేతిలోకి తీసుకున్నాడో లేదో, గవరయ్య మంచె మీద నుంచి, ఈ ఒక్క తీర్పు తనకు నచ్చలేదని అందరికీ వినబడేలా అన్నాడు.

రాజు మీసం అదిరింది. వండటం రానివాడు వంటకు తీర్పు చెప్పేవాడయ్యాడా అన్నాడు. ఏడాదిగా కూర్చుని అందరికీ వంకలు పెట్టావు, ఇవాళ నువ్వే దిగి వండు, లోపం లేకుండా వండితే ఆవిడ గరిటె ఆవిడకిస్తాను, లేదంటే ఆ గరిటె విరగడంతోపాటు నీ నోరూ మూతపడుతుంది, ఈ రాజ్యంలో మళ్లీ మాట్లాడితే ఒట్టు, అన్నాడు.

నిజం చెప్పడం గవరయ్యకు ఎంతసేపు? మహారాజుకు నాలిక చచ్చిపోయిందని ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ ఆ కేక వేస్తే రాజు మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? అవమానపడ్డ రాజు ముందు ఎవరి మెడ మీద తల నిలుస్తుంది, గవరయ్యదా, పేరిందేవమ్మదా? అందుకని చేతులు కట్టుకుని రెండే కోరికలు కోరాడు.

"నాకు ఉప్పు కొలత తెలియదు ప్రభూ. ఉప్పుగిన్నె పక్కన పెడతాను, తమరే మీ చేత్తో సరిపడా వేసుకోవాలి. రుచి తెలిసిన చెయ్యి వేస్తే ఇక లోపం ఎక్కడుంటుంది? రెండోది, మిగిలింది నేనే తింటాను. నా వంట ఏట్లో పోస్తే చేపలు నన్ను తిడతాయి."

జనం నవ్వారు. పొగడ్త చెవికి ఇంపుగా తగిలింది గనక రాజు ఒప్పుకున్నాడు.

గవరయ్య పెసరకట్టు కాచాడు. నీళ్లు ఎక్కువ పోశాడు, పోపు నల్లబడింది. మంచె మీద ఎవరూ లేరు గనక వెనకవాళ్లకు ఆ సంగతి తెలియలేదు. అది అతని అదృష్టం. గిన్నె తెచ్చి రాజు ముందు పెట్టాడు, పక్కన నిండుగా ఉప్పుగిన్నె పెట్టాడు.

రాజు ఒక గుక్క తాగాడు. చిటికెడు ఉప్పు వేశాడు, మళ్లీ తాగాడు. ఇంకో చిటికెడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తన విస్తట్లోకి తాను ఉప్పు వేసుకున్న మనిషి కాదు. చిన్నప్పుడు తల్లి వేసింది, పెళ్లయ్యాక చిత్రాంబ పక్కన కూర్చుని వేసింది. ఎంత వేస్తే సరిపోతుందో ఆ చేతికి తెలియదు, చెప్పడానికి నాలిక లేదు. గుప్పెడు తీసి వేశాడు. ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అని ఆయనకు ఆశ పుట్టింది. అది దగ్గరున్న గవరయ్యకు కనిపించింది. దూరాన ఉన్న జనానికి మాత్రం మహారాజు రుచిని పరీక్షిస్తున్నట్టే ఉంది. ఇంకో గుప్పెడు వేశాక, అందరూ తన వంకే చూస్తున్నారని రాజుకు గుర్తొచ్చింది.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు.

గవరయ్య దణ్ణం పెట్టి గిన్నె అందుకున్నాడు. నిలబడే ఎత్తిపెట్టి తాగడం మొదలెట్టాడు. సముద్రం నీళ్లు అంతకంటే నయం. గొంతు మండింది, కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. మధ్యలో ఆపలేదు. మొహం చిట్లించలేదు. అడుగున కరగని ఉప్పు కూడా వేలితో తీసి నాకేసి, గిన్నె బోర్లించి చూపించాడు.

రాజు ఆ కన్నీళ్లు చూశాడు. ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు.

"ఏం లేదు ప్రభూ. మహారాణిగారు గుర్తొచ్చారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ తమకు ఉప్పు వేసుకునే పని పడలేదు."

రాజు తల తిప్పి ఉప్పుగిన్నె చూశాడు. అది సగం ఖాళీగా ఉంది. ఆ సగం ఎవరి కడుపులోకి పోయిందో, ఆ మనిషి నోరు విప్పకుండా ఎందుకు మింగాడో ఆయనకు అర్థమైంది. భటుడు గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

అప్పుడు రాజు నవ్వాడు. రాణి పోయాక ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. మొదట చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా నవ్వి, ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు. విదూషకుడు నన్ను ఓడించాడన్నాడు. ఈ వంటలో లోపం లేదు, నిన్నటి పులుసులోనూ లేదు, ఆ ముందు వాటిలోనూ లేదు, లోపం తీర్పులో ఉంది, అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. పేరిందేవమ్మ గరిటె ఆవిడ చేతికిచ్చాడు. ఆ రోజుతో పోటీలు ఆగిపోయాయి.

విరిగిన గరిటెలు అతకవు గదా. పద్దెనిమిది కొత్త గరిటెలు చేయించి, గవరయ్యను వెంటబెట్టుకుని రాజే ఇంటింటికీ వెళ్లి ఇచ్చాడు. గవరయ్య ప్రతి గడప ముందూ తన హాస్యాలకు క్షమించమన్నాడు. పదిహేడు మంది పుచ్చుకున్నారు. మిరియాల చారు కాచిన అతను మాత్రం అప్పటికే బెంగతో పోయాడట. వాళ్ల ఆవిడ ఆ గరిటె వద్దంది. రాజు బతిమాలలేదు. దాన్ని తెచ్చి తన భోజనాల గది గోడకు తగిలించి, తింటున్నప్పుడల్లా కనబడేలా ఉంచుకున్నాడు.

తర్వాత ఒక రోజు గవరయ్యను ఏకాంతంగా పిలిచాడు.

"ఆవిడ పోయిన పదమూడో రోజు భోజనానికి కూర్చుంటే ఏ రుచీ తెలియలేదు గవరయ్యా. అప్పటినుంచీ అంతే. ఎవరో ఒకరి చేతిలో మళ్లీ తెలుస్తుందనుకున్నాను. తెలియని ప్రతిసారీ ఆవిడ ఇంకోసారి పోయినట్టుండేది. ఆ కోపం వాళ్ల మీద చూపించాను," అన్నాడు.

ఏం బహుమానం కావాలని కూడా అడిగాడు. గవరయ్య ఏదీ కోరలేదు గానీ రాజే ఒక ఉద్యోగం ఇచ్చాడు, ఏడాదికి వంద వరహాలతో. ఇన్నాళ్లూ కనబడనివాళ్లకు చూసి చెప్పావు గదా, ఇక నా పక్కన కూర్చుని, తిని, ఎలా ఉందో నాకు చెప్పు, అన్నాడు.

రాణిగారి వంటింటికి పేరిందేవమ్మను రమ్మన్నారు. ఆవిడ సత్రం వదలనంది. రోజూ మధ్యాహ్నం గంగాళంలోంచి ఒక గిన్నె పంపుతానంది. రాజు నాలిక్కి మళ్లీ రుచి వచ్చిందని చెబితే మీకు సంతోషంగా ఉండేది. రాలేదు. ఎందరో వైద్యులు చూశారు, తేనెలు నాకించారు, రాలేదు.

మొదటి రోజు మెంతి పులుసు వచ్చింది. రాజు ముద్ద కలుపుకుని గవరయ్య వంక చూశాడు. గవరయ్య తిని, మంచె మీది గొంతు మానేసి మెల్లిగా చెప్పాడు. ముందు పులుపు తగులుతోంది ప్రభూ, కొత్త చింతపండు. తర్వాత మెంతుల చేదు, వెంటనే బెల్లం దాన్ని సముదాయిస్తోంది. అలా చెబుతూ చెబుతూ ఒకచోట ఆగాడు. పేరిందేవమ్మ చేతికి ఇంకా ధైర్యం చిక్కలేదు. అబద్ధం చెబుదామా అనుకున్నాడు. అబద్ధపు తీర్పులు అప్పటికే చాలా అయ్యాయి.

"ఇవాళ ఉప్పు కాస్త ఎక్కువైంది," అన్నాడు.

రాజు చేతిలోని ముద్ద వంక చూశాడు.

"చిత్రాంబ కూడా అంతే," అన్నాడు. "నా మీద కోపం వచ్చిన రోజు ఒక చిటికెడు ఎక్కువ వేసేది. నేను తప్పు ఒప్పుకునేదాకా అలాగే వేసేది."

నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ఆ ముద్ద నోట పెట్టుకున్నాడు.