బేరికాయ ఎప్పుడు కోయాలి

ఇందులో ముందుది వెనుక, వెనుకది ముందు అయితే చదివేవారు మన్నించాలి. రుక్మిణీబాయి ఆ ప్రశ్న అడిగింది ఆషాఢంలోనే, అంతవరకు నాకు గట్టి నమ్మకం. ప్రశ్న అడిగాక వాన పట్టుకుందా, వాన వెలిశాక ప్రశ్న అడిగిందా అన్నది ఇప్పుడు తేల్చి చెప్పలేను. నిన్న బాగా తెలిసినట్టు ఉన్నది ఈ రోజు తెలియడం లేదు. అందుకే ఉన్నది ఉన్నప్పుడే రాసి పెడుతున్నాను.

మదనపల్లెకు పైన, వేసవిలో కూడా తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవలసిన ఒక కొండ ఊళ్లో తుంగమ్మగారు ఉండేవారు. గురువారం సాయంత్రాలు ఆవిడ ఇంటి వసారాలో కొందరు చేరి వేదాంతం చెప్పించుకునేవారు. పాఠం చెప్పేటప్పుడు ఆవిడ ధారాళంగా మాట్లాడేవారు. ఎవరైనా తమ సొంత బాధ తెచ్చి అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు కారు, ఏదో ఒక పని పురమాయించేవారు. ఆవిడ భర్త భీమసేనరావుగారు కొత్తగా వచ్చినవాళ్లను ముందే హెచ్చరించేవారు. "మా ఆవిడను ప్రశ్నలు అడగకండి తల్లీ. పెళ్లయిన కొత్తలో నీకు వంట వచ్చునా అని అడిగాను. ఆనాటి నుంచి ఈ ఇంట్లో కూరలు నేనే తరుగుతున్నాను."

నేను అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని. మా పెరటికీ వారి పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడకు అటు పక్కన వారి బేరిచెట్టు ఉండేది. బేరికాయ కాడ దగ్గర సన్నగా, అడుగున లావుగా, చేతిలో పట్టే చిన్న చెంబులా ఉంటుంది. చుట్టుపక్కల ఇంకెవరి ఇంట్లోనూ ఆ చెట్టు లేదు కనుక భీమసేనరావుగారికి దాని మీద మహా మమకారం. చిలకలను తోలడానికి కొమ్మకు పాత సత్తు గిన్నె కట్టి, పడక కుర్చీలో కూర్చుని దాని తాడు లాగుతూ ఉండేవారు.

ఒక గురువారం అందరూ లేచి వెళ్లిపోయాక రుక్మిణీబాయి వెనుక ఉండిపోయింది. ఆవిడకు నలభై ఏళ్లు దాటి ఉంటాయి, మంచి మాటకారి. "అమ్మా, ఒక మనిషి మనసు మెత్తబడిందని ఎలా తెలుసుకోవాలి?" అని అడిగింది.

ఆ మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు. రుక్మిణీబాయి చెల్లెలు చంద్రాబాయి, కింది వీధిలోనే కాపురం. అంతకు ముందటి ఏడు చంద్రాబాయి కూతురికి ఓణీల వేడుక చేశారు. భోజనాల బంతిలో రుక్మిణీబాయి పులిహోర నోట్లో పెట్టుకుని, "మా చెల్లెలి ఇంట్లో అన్నీ ఉన్నాయి, ఉప్పు ఒక్కదానికే కరువొచ్చింది" అన్నది. బంతి అంతా నవ్వింది. చంద్రాబాయి నవ్వలేదు. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్లకు మాటలు లేవు. ఇప్పుడు చంద్రాబాయి భర్తకు బళ్లారి బదిలీ అయింది. శ్రావణం వెళ్లగానే సామాను కట్టుకుని వెళ్లిపోతారు.

"నేను వెళ్లనని కాదమ్మా" అన్నది రుక్మిణీబాయి. "దాని కోపం కాస్త చల్లారనిద్దామని. ఇప్పుడు వెళితే గుమ్మంలోనే నిలబెట్టి నాలుగు అంటుంది. మెత్తబడ్డాక వెళితే ఇద్దరికీ మర్యాద."

తుంగమ్మగారు కాసేపు చెట్టు వైపు చూసి, "ఈ ఏడు బేరికాయలు కోయించడం నీ వంతు. పండాయని నీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు కొయ్యి. నన్ను అడగొద్దు" అన్నారు.

భీమసేనరావుగారు కుర్చీలోంచి సగం లేచి, "నా కాయలా?" అన్నారు.

రుక్మిణీబాయి ఆ పని శ్రద్ధగా చేసింది, అందులో లోపం లేదు. రెండు రోజులకోసారి వచ్చి, ఒక్కొక్క కాయనూ బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకా రాళ్లే" అనుకుంటూ వెళ్లేది. మామిడికాయలను గట్టిగా ఉండగానే దింపి గడ్డిలో మాగబెడతారు కదా, వీటినీ అలా చేయకూడదా అని నేను గోడ మీదుగా అడిగాను. "బజారుకు పోయే సరుక్కి ఆ తొందర. ఇంటి చెట్టుకేం ఖర్మ? చెట్టునే పండనివ్వు. చెట్టున పండిన జామ ఎంత రుచి!" అన్నది. ఆ మాట నాకూ న్యాయంగానే తోచింది. ఇంటికి పోతూ దారిలో పూలమ్మే మనిషిని ఆపి, "మా చెల్లెలు ఎలా ఉంది? నా మాట ఏమైనా ఎత్తిందా?" అని అడిగేది. "ఎత్తితే మంచి మాటలు రావడం లేదమ్మా" అనేది ఆ మనిషి. అయితే ఇంకొన్నాళ్లు చూద్దాం అని రుక్మిణీబాయి అనుకునేది.

శ్రావణం చివరికి కాయలు పసుపు తిరిగాయి. ఒక రోజు పొద్దున రుక్మిణీబాయి నొక్కి చూసి కేక పెట్టింది, "మెత్తబడ్డాయి!" అని. చకచకా బుట్టెడు కోయించి, నన్ను కూడా గోడ దాటి రమ్మన్నది. పళ్లెంలో పెట్టి, తుంగమ్మగారి ముందు కత్తిపీట వేసుకుని మొదటి పండు కోసింది. పైన వెన్నలాంటి తెలుపు. నడిమి భాగమంతా గోధుమరంగు ముద్ద, పులిసిన వాసన. రెండోది కోసింది, అదీ అంతే. బుట్టలో సగం దాకా కోసి చూసింది. భీమసేనరావుగారు ఒక ముక్క వాసన చూసి, "ఒక్కరికి పాఠం చెప్పడానికి చెట్టంతా పాడు చేస్తావుటే?" అన్నారు భార్యతో.

"చెట్టు మళ్లీ ఏటికి కాస్తుంది" అన్నారు తుంగమ్మగారు.

ఆవిడ లోపలికి వెళ్లి, వడ్లగాదె పక్కన గడ్డిలోంచి రెండు పండ్లు తీసుకొచ్చారు. అవీ ఆ చెట్టువే. కోస్తే రసం మోచేతి దాకా కారింది. అంత తియ్యటి పండు నేను మళ్లీ తిన్నట్టు గుర్తు లేదు. భీమసేనరావుగారు తన వంతు తిని నా వంతులో సగం అడిగారు.

"ఇవి ఎప్పుడు కోశారమ్మా?" అన్నది రుక్మిణీబాయి.

"నువ్వు రాళ్లన్నావు కదా, ఆ రోజుల్లోనే."

"గట్టిగా ఉండగానే? పక్వానికి వచ్చాయని ఎలా తెలిసింది?"

తుంగమ్మగారు ఆమెను చెట్టు దగ్గరికి తీసుకువెళ్లారు. గోడవైపు నీడకొమ్మకు ఆలస్యంగా కాసిన కాయలు కొన్ని ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆవిడ ఒక కాయను నొక్కలేదు. అరచేతిలోకి తీసుకుని, వేలాడుతున్నదాన్ని నెమ్మదిగా పక్కకు, అడ్డంగా వచ్చేదాకా ఎత్తారు. టిక్కుమని కాడ కొమ్మను వదిలేసింది. ఇంకొక కాయను అలాగే ఎత్తారు. అది వదలలేదు. మెలిపెట్టకుండా దాన్ని తిరిగి వేలాడనిచ్చారు.

"నేను మెత్తబడ్డావా అని అడగను" అన్నారు. "వస్తావా అని అడుగుతాను."

రుక్మిణీబాయి కొంగుతో చేతులు తుడుచుకుని, "చంద్ర వాళ్లు ఎల్లుండే వెళ్తున్నారు. నువ్వు నాకు తోడు రా" అని నన్ను పట్టుకుని లాక్కెళ్లింది.

చంద్రాబాయి కొంగు నడుముకు చుట్టుకుని, నట్టింట్లో గిన్నెలు గోనెసంచుల్లో సర్దుతోంది. అక్కను చూసి లేవలేదు. "ఏమిటి, నిజంగా పోతున్నానో లేదో చూసుకోవడానికి వచ్చావా?"

"తప్పు నాదే చంద్రా. నలుగురిలో ఆ మాట అనకుండా ఉండవలసింది."

"నలుగురా! బంతి బంతంతా విన్నది. వడ్డించే వంటవాడు కూడా నవ్వాడు."

రుక్మిణీబాయి ముఖం ఎర్రబడింది. ఆమె నోట్లో జవాబు సిద్ధంగా ఉన్నదని పక్కన నిలబడ్డ నాకే తెలుస్తోంది. ఆమె దాన్ని మింగేసింది. వెనక్కి తిరగనూ లేదు. అలాగే నిలబడింది.

కాసేపటికి చంద్రాబాయి తల ఎత్తకుండానే, "అలా స్తంభంలా నిలబడకపోతే ఈ సంచి మూతి పట్టుకోరాదూ? కుట్టాలి" అన్నది.

రుక్మిణీబాయి గభాలున కూర్చుని మూతి పట్టుకున్నది. చెల్లెలు దబ్బనంతో కుట్టింది. తరువాత దబ్బనం అక్క తీసుకున్నది, మూతి చెల్లెలు పట్టుకున్నది. దీపాలు పెట్టేవేళ దాకా సంచులన్నీ కుట్టారు. మధ్యలో చంద్రాబాయి మా ఇద్దరికీ కాఫీ తెచ్చి, "చక్కెర చాలకపోతే ఇప్పుడే చెప్పు, బళ్లారి దాకా చాటించకు" అన్నది. ఆ కాఫీలో చక్కెర నిజంగానే చాలలేదు. రుక్మిణీబాయి చుక్క మిగలకుండా తాగింది. మేము బయలుదేరుతుంటే చంద్రాబాయి సంచుల వైపు చూస్తూ, "దసరాకు రా. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో చూపిస్తాను" అన్నది.

మా ఆడబిడ్డ కూతురు సుగుణ ఈ కాగితాలు చూస్తుంది. సుగుణా, బదిలీ అయింది బళ్లారికో హోసపేటకో మీ అమ్మను అడుగు. చెల్లెలి పేరు చంద్రాబాయి అనే రాశాను, తప్పయితే దిద్దు. ఈ కింది మాట మాత్రం దిద్దకు, అది నేను గోడ ఇవతల నిలబడి నా చెవులతో విన్నాను.

మరునాడు రుక్మిణీబాయి తుంగమ్మగారి దగ్గరికి వచ్చి జరిగినదంతా చెప్పింది. సంతోషంగానే చెప్పింది గాని, మనసులో ఏదో వెలితి. "దసరాకు రమ్మన్నది గాని అమ్మా, ఒక్కసారైనా నవ్వలేదు. ఇంకా గట్టిగానే ఉంది. రేపు బండి ఎక్కేలోపల మళ్లీ వెళ్లి, కోపం పోయిందా అని ఒక్కమాట అడిగి రానా?"

తుంగమ్మగారు చెట్టు కింద కూర్చుని, గడ్డి పరిచిన బుట్టలో కొత్తగా కోసిన పచ్చికాయలను సర్దుతున్నారు. తల తిప్పకుండానే అన్నారు:

"ఇంటికి వచ్చిన కాయను రోజూ నొక్కి చూడకమ్మా."