జోజప్ప చేసిన తెల్ల కార్డు

గుగ్గిలపు కొండ అడవిలో కణుజు జింకలు, కొండముచ్చులు, నెమళ్ళు, కుందేళ్ళు కలిసిమెలిసి ఉండేవి. కలిసిమెలిసి అంటే మరేం లేదు, ఏడాది పొడుగునా కొట్లాడుకున్నా క్రిస్మస్ వచ్చేసరికి అన్నీ పెద్ద మద్ది చెట్టు కిందికి చేరేవి.

పండగకు పది రోజుల ముందు శాంతమ్మ అవ్వ అందరి చేతా చీటీలు తీయించేది. అవ్వ వీపు నిండా నక్షత్రాలున్న తాబేలు, అడవిలో అందరికన్నా పెద్దది. ఎవరి పేరు వస్తే వాళ్ళకు గుట్టుగా ఒక కార్డు చేసి, పండగ పొద్దున ఇవ్వాలి. లోపల రాసిన మాటను బంకతో అంటించి మూసెయ్యాలి. ఎవరికి చేశారో వాళ్ళే విప్పాలి. ఒకరి కార్డు ఇంకొకరు విప్పడం ఆ అడవిలో మహా తప్పు.

ఆ ఏడు అవ్వ పేరు సుగుణ అనే ముంగిసకు వచ్చింది. సుగుణ ఎండబెట్టి దాచుకున్న మోదుగ పూలు, నేరేడు పండ్లు నానబెట్టి రంగులు తీసేది. తోక కొసను ఆ నీళ్ళ రంగులో ముంచి బొమ్మ వేసిందంటే ఎవరైనా నోరు తెరుచుకుని చూడాల్సిందే. ఆ సంగతి అందరికంటే బాగా సుగుణకే తెలుసు. వానాకాలం నుంచి అవ్వ కళ్ళకు పొర కమ్మింది. అయినా తన రంగులైతే అవ్వకు కనబడి తీరతాయని సుగుణ నలుగురిలో చెప్పుకుంది.

కార్డు మీద అతికించడానికి నక్షత్రాలు కావాలి. అవి జోజప్ప దగ్గరే దొరుకుతాయి. జోజప్ప ఒళ్ళంతా పొలుసులుండే అలుగు. పగలంతా బొరియలో నిద్రపోయే, నోట్లో నాలుక లేని మనిషి. మనిషి అంటున్నానా, సరే, అలుగే. రాలిన తన పొలుసులను రాతి మీద నూరి నక్షత్రం అచ్చు, గంట అచ్చు, ఆకు అచ్చు చేసుకున్నాడు. అచ్చును పోకచెట్టు తెల్లటి మట్ట మీద పెట్టి, తన బరువంతా వేసి నొక్కితే ముక్క చక్కగా తెగి ఊడివచ్చేది.

సుగుణ అడగ్గానే అయిదు నక్షత్రాలు కోసి ఇచ్చాడు. ఇస్తూ ఒక్క మాట చెప్పాడు.

"రంగు బాగా ఆరాకనే అతికించమ్మా. తడి మీద పెడితే ముడుచుకుపోతాయి."

"మట్టి తవ్వుకునేవాడివి, చూపు కూడా సరిగా ఆనదు. రంగుల సంగతి నాకు చెబుతున్నావా?" అంది సుగుణ.

జోజప్ప అచ్చులు సర్దుకున్నాడు. బొరియలోకి వెళ్ళి పడుకున్నాడు.

సుగుణ కార్డు మీద నేరేడు రంగుతో ఆకాశం వేసింది. నిజంగానే బాగా కుదిరింది. పండగ రేపనగా మధ్యాహ్నం, అది ఆరేదాకా ఆగే ఓపిక లేక, తడి మీదే నక్షత్రాలు అతికించేసింది. ఇంకేముంది, నక్షత్రాలు తడి పీల్చుకుని అంచులు పైకి లేచి ముడుచుకుపోయాయి. ఊదా రంగు వాటి మీదికి పాకి మరకలు కట్టింది. సుగుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలుగురిలో కోసిన కోతలన్నీ గుర్తొచ్చాయి.

ఇంకో అయిదు నక్షత్రాలు అడుగుదామని జోజప్ప బొరియకు పరుగెత్తింది. అతను గురక పెడుతున్నాడు. బొరియ ముందు రాయి మీద ఒక కార్డు ఆరుతోంది. చుక్క రంగు లేదు, తెల్లటి మట్ట మీద తెల్లటి నక్షత్రాలు, గంటలు. ఒక్కటీ వంకర పోలేదు. సుగుణ అటూ ఇటూ చూసింది. కార్డు నోట కరుచుకుని వచ్చేసింది. తనదే అనిపించడానికి దాని మీద కాస్త మోదుగ రంగు అద్దింది. లోపలి బంక మాత్రం ముట్టుకోలేదు. ఒకరి కార్డు విప్పడం తప్పు కదా! దొంగతనానికి రాని భయం దానికి అక్కడ వచ్చింది. లోపల పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేముంటాయిలే అనుకుంది.

పండగ పొద్దున అందరూ చెట్టు కింద కార్డులు ఇచ్చిపుచ్చుకున్నారు. జోజప్ప ఒక్కడే ఉత్త చేతులతో నిలబడ్డాడు. చేశాననీ, ఎక్కడ పోయిందో తెలియదనీ మెల్లగా చెప్పాడు. ఏడాదికి ఒక్క కార్డు చేయడానికి కూడా బద్ధకమేనా అని కొండముచ్చు మందలించింది. జోజప్ప తల వంచుకున్నాడు. సుగుణ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

ఒక సంగతి మాత్రం దానికి తట్టలేదు. అవ్వకు తను ఇవ్వాల్సింది పోగా, కార్డు రానిది తనకొక్కదానికే.

సుగుణ తెచ్చిన కార్డు అవ్వకు ఇచ్చింది. అవ్వ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఏమీ కనబడలేదు. అప్పుడు ముందరి కాలి గోళ్ళతో తడిమింది. ఒక్కో నక్షత్రం అంచు వెంట గోరు నడిపి మురిసిపోయింది. తరువాత బంక విప్పింది. లోపల రాత లేదు. సిరాతో రాస్తే జోజప్పకే కనబడదు కాబట్టి, అక్షరాలను కూడా కోసి అతికించాడు. అవ్వ గోరు మొదటి అక్షరం మీద ఆగింది, రెండోదాని మీదికి పోయింది.

"సు... గు... ణ... కు" అని చదివింది. చదివి ఆగిపోయింది.

తన బంక వాసన పసిగట్టిన జోజప్ప, తప్పు తానే చేసినట్టు, ఉండలా ముడుచుకుపోయాడు. సుగుణకు తల కొట్టేసినట్టయింది. అతనికి ముడుచుకోవడం వచ్చు, తనకు అదీ రాదు. అందరి కళ్ళ ముందూ నిలబడే ఉండాలి.

"ఇన్నేళ్ళలో ఇంకొకరి కార్డు నేను విప్పలేదు తల్లీ. ఇవాళ నా చేత విప్పించావు" అంది అవ్వ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే సుగుణకు కాస్త తేలికగా ఉండేది.

అవ్వ కార్డు తిరిగి ఇచ్చింది. మిగిలిన మాట సుగుణ తనే చదువుకుంది. 'నాకు చూపు ఆనదు. నువ్వు వేసిన బొమ్మ మాత్రం కనబడుతుంది. జోజప్ప.'

ఇక దాచలేకపోయింది. కార్డు బొరియ ముందు నుంచి ఎత్తుకొచ్చానని ఏడుస్తూ అందరికీ చెప్పింది. ఇంటికి పోయి తన పాడైన కార్డు తెచ్చి అవ్వ ముందు పెట్టింది. అవ్వ దాన్నీ తడిమి, ఈ నక్షత్రాలు ఇలా ఎందుకు లేచాయని అడిగింది.

"కోసింది జోజప్ప అవ్వా. పాడు చేసింది నేను" అంది సుగుణ.

అవ్వ ఆ కార్డునే ఉంచుకుంది. కొండముచ్చు జోజప్పకు క్షమాపణ చెప్పింది. మరుసటి ఏడు నుంచి అవ్వ తడిమి చూసుకోవాలని అందరూ జోజప్ప చేతే నక్షత్రాలు కోయించుకున్నారు. మద్ది చెట్టు కొమ్మకొమ్మకూ అతని నక్షత్రాలే. వాటికి రంగు వేసి, ఆరేదాకా పక్కనే కూర్చుని కాపలా కాసింది సుగుణ.

తెల్ల కార్డు మీద అద్దిన మోదుగ రంగును మాత్రం ఎన్నిసార్లు కడిగినా పోగొట్టలేకపోయింది. ప్రతి క్రిస్మస్‌కూ ఆ కార్డు బయటికి తీస్తుంది. ఆ మరక మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలి మాట చదువుకుంటుంది.

నీతి: మెప్పు కోసం పరుల సొత్తుకు చెయ్యి చాస్తే, మన కోసం దాచిన ప్రేమకు మన చేత్తోనే మరక పడుతుంది.