పంతులుగారి బ్రేకు పరీక్ష

కొండకోట జమీందారుగారికి తన పాత ఫ్రెంచి పందెం సైకిలంటే ప్రాణం. ఏటా దసరాకి దాని మీదే కోట వాలు దిగుతారు. దానికి ఆ కాలం నాటి సామానే ఉండాలని పట్టుదల. ఉందో లేదో తేల్చడానికి పాత వస్తువుల పరీక్షలో పేరుమోసిన విరూపాక్షం పంతులుగారిని పిలిపించారు.

సైకిలు చూసుకునే లోవరాజుకి భయం పట్టుకుంది. పాత బ్రేకు రబ్బర్లు ఎండి రాయిలా అయిపోతే, దొర పడిపోతారేమోనని గుట్టుగా కొత్తవి వేశాడు మరి.

పంతులుగారి వేలు చక్రం దాటి, గొలుసు దాటి, సరిగ్గా బ్రేకు దగ్గర ఆగింది.

"ఈ రబ్బర్లు నిన్నమొన్నటివి!"

"ఎవడురా వేసింది? కొరడా తెండి!" అని లేచారు జమీందారుగారు.

లోవరాజు కొత్తవి ఊడదీసి, మొలలో దాచిన పాత రబ్బర్లు బిగించాడు. "నేనే, దొరా. ఇదిగో, అసలువి పెట్టేశాను. కొట్టించే ముందు పంతులుగారిని ఓసారి వాలు దిగి చూడమనండి."

"సబబే. ఎక్కండి, పంతులుగారూ."

పంతులుగారు వాలు పైన సైకిలెక్కి, కిందకి చూశారు. వాలు అడుగున రాతిగోడ ఉంది. బ్రేకు గట్టిగా నొక్కినా సైకిలు ముందుకి జారింది. గభాలున దిగేశారు.

"ఇందాక కళ్ళల్లో ఎండ పడింది ప్రభూ! ఇప్పుడు ఊడదీసినవే అసలైన ఫ్రెంచి రబ్బర్లు."

కొరడా లోపలికి పోయింది.

"వాలు మీంచి అన్నీ బాగా కనిపిస్తాయి లెండి," అంటూ లోవరాజు కొత్తవి బిగించసాగాడు.