నీటికాకి రెక్కలు ఎందుకు ఆరబెట్టుకుంటుందంటే

ఒకప్పుడు నీటికాకి ఒంటిమీద నీటిచుక్క నిలిచేది కాదు. బాతుకు మల్లే దాని ఈకలకూ పుట్టుకతోనే జిడ్డు ఉండేది. మునిగి లేచి ఒక్కసారి ఒళ్ళు విదిలిస్తే చాలు, పొడిపొడిగా ఎగిరిపోయేది.

అది ఉండే ఏటి ఒడ్డునే దాలమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె చేపలు పట్టే తీరే వేరు. పుంజు మెడ ఈకలు గేలానికి చుట్టి, దారంతో బిగించి, అచ్చం పురుగులా తయారుచేసేది. దాన్ని నీళ్ళమీద ఆడిస్తే నిజం పురుగే అనుకుని చేపలు ఎగబడేవి.

అది చూసి నీటికాకి పడీపడీ నవ్వేది. "ఈకకీ పురుగుకీ తేడా తెలీదు. ఈ చేపలకి కళ్ళెందుకో" అనేది బాతుతో.

ఒకరోజు దాలమ్మ పాత ఈకపురుగు ఒకటి బయటికి తీసింది. చేపలు కొరికి కొరికి దాని ఈకలు నలిగి వంకరపోయాయి. పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. పొయ్యిమీద అంబలి కుతకుతా ఉడుకుతోంది. ఆ ఆవిరికి ఈకల్ని పట్టి, వేళ్ళతో మొదలునుంచి కొసదాకా మెల్లగా దువ్వింది. పడుకున్న ఈకలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. వాటిని ఎండలో ఆరబెట్టి, ఆముదం చుక్క రాసి, గేలాన్ని నీళ్ళమీదికి విసిరింది.

ఆ పురుగు ఎంత బాగా కుదిరిందంటే, పైన ఎగురుతున్న నీటికాకికి నోరూరింది. తూనీగ అనుకుంది. పిల్లలకు పట్టుకెళ్దామని సర్రున దిగి నోట కరిచింది.

ఇంకేముంది, దారం రెక్కలకు చుట్టుకుంది. అది గింజుకుంది, రాళ్ళకేసి కొట్టుకుంది. దాలమ్మ పరుగున వచ్చి ముక్కునుంచి గేలం తీసి, చిక్కులు విప్పింది. ప్రాణం దక్కింది కానీ రెక్కల ఈకలన్నీ వంగిపోయాయి. ఎగరబోతే పక్కకు బోర్లాపడింది.

అవతలి గట్టున ఎత్తైన నేరేడుచెట్టు మీద దాని గూడు. గూట్లో మూడు పిల్లలు. పొద్దుటినుంచి వాటికి మేత లేదు. ఏరు ఈది వెళ్ళినా చెట్టుమీదికి చేరాలంటే రెక్కలు కావాలి కదా.

"మామ్మా, ఆ ఈకపురుగుని బాగుచేసినట్టే నన్నూ బాగుచెయ్యవా?" అంది నీటికాకి. చేపల్ని చూసి నవ్వి, తనే చేపలా చిక్కినందుకు దానికి మహా సిగ్గుగా ఉంది.

"సెయ్యొచ్చు గుంటా. కానీ ఒక మాట ఇను" అంది దాలమ్మ. "ఆవిరి తగిల్తే వంకర పోద్ది. దాంతోపాటు ఈకల్లో జిడ్డూ పోద్ది. మరి నీళ్ళు నీ ఒంటిమీద జారవు, లోపలికి ఇంకిపోతాయి."

"నీ పురుక్కి ఆముదం రాశావుగా. నాకూ రాయి."

"అదెంత, గోరంత. నీ ఒంటికి రాయాలంటే గానుగే తెచ్చి పెట్టుకోవాల."

పక్కనే ఉన్న బాతు పకపకా నవ్వింది. "జిడ్డు లేని నీటిపిట్టవా? తడిసిన గోనెసంచిలా తిరుగుతావు. వద్దు వదినా. రెండు నెలలు ఓపికపట్టు, కొత్త ఈకలు అవే వస్తాయి."

"నేను ఆగుతాను. నా పిల్లల ఆకలి ఆగుతుందా?" అంది నీటికాకి. అవతలినుంచి పిల్లల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. అది మరి ఆలోచించలేదు. "కుండమీద మూత తియ్యి మామ్మా."

ఆవిరికి ఒళ్ళంతా చురుక్కుమంది. దాలమ్మ ఒక్కో ఈకనూ దువ్వి తిన్నగా చేసింది. "ఇప్పుడా బండమీద రెక్కలు బార్లా చాపి నిలబడు. నాను సరే అనేదాకా ముడవకు. తడిమీద ముడిస్తే ఈకలు మళ్ళీ వంకరపోతాయి."

నీటికాకి నిలబడింది. ఇంతలో చిన్నపిల్ల కీచుమని ఏడ్చింది. తల్లి మనసు ఆగుతుందా? గబుక్కున రెక్కలు ముడిచి గెంతింది, దబ్బున నీళ్ళలో పడింది. వంకర మళ్ళీ మొదటికొచ్చింది.

"నిదానమే ప్రధానమన్నారు, ఇన్నావు కాదు" అని సణుక్కుంటూ దాలమ్మ కుండలో ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

ఈసారి పిల్లలు అరిచినా అది కదల్లేదు. కళ్ళనీళ్ళు కారుతున్నా కదల్లేదు. చివరికి దాలమ్మ వచ్చి కొసకొసా తడిమి చూసింది. "సరే, ఇక ముడుచుకో" అంది.

నీటికాకి ఒక్క గంతులో ఏట్లోకి మునిగింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఇదివరకటిలా నీళ్ళు దాన్ని పైకి తోయలేదు. ఒళ్ళు నీళ్ళు పీల్చుకుని బరువెక్కింది. కిందికి, ఇంకా కిందికి, బాతు కలలో కూడా చూడని లోతుకు వెళ్ళింది. పక్షిని ఎన్నడూ చూడని లావుపాటి చేపలు అక్కడ దర్జాగా తిరుగుతున్నాయి. గొంతు ఉబ్బేంత చేపను పట్టి పైకి తేలింది. ఒళ్ళు బరువే, కానీ ఈకలు తిన్నగా ఉన్నాయి. నీళ్ళను రాసుకుంటూ ఎగిరి గూటికి చేరింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. బాతు తల నీళ్ళలో దాచుకుంది.

పిల్లల కడుపులు నిండాయి. అప్పుడు తల్లి కొమ్మమీద రెక్కలు బార్లా చాపి నిలబడింది. దాన్ని చూసి మూడు పిల్లలూ బుల్లిరెక్కలు చాపాయి.

"ఎంతసేపమ్మా ఇలా?"

"మామ్మ సరే అనేదాకా."

అప్పటినుంచే నీటికాకి నీళ్ళలోంచి లేవగానే బండమీదో కొమ్మమీదో రెక్కలు చాపి నిలబడుతుంది. మధ్యమధ్య తల అటూ ఇటూ తిప్పి చూస్తుంది. సరే అనడానికి ఇప్పుడు దాలమ్మ లేదు కదా. ఈసారి మీకు కనిపిస్తే, దాన్ని బెదరగొట్టకుండా దూరంనుంచే మెల్లగా, "సరే, ఇక ముడుచుకో" అనండి.