అరగని మేత

సత్యానందం మాష్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. చేపల వైద్యం నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరిన మాకందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ప్రశ్న గొంతుదాకా వచ్చినా మింగేసేవాళ్ళం. కృపామణి మాత్రం మింగలేకపోయింది.

ఆమె తండ్రి కొల్లేరు పక్కన చెరువు కౌలుకు తీసుకుని శీలావతి చేపలు పెంచుతున్నాడు. వాటికి జబ్బు చేస్తే ఎవరో చెప్పిన ఘాటు మందు వేశాడు. జబ్బు పోయింది, దాంతోపాటు చేపల ఆకలీ పోయింది. ఉదయం తవుడు నింపి కర్రలకు కట్టిన మేత సంచులు సాయంత్రానికి బరువుగానే పైకొచ్చేవి. ఈ పంట పోతే ఆ పెద్దాయన చెరువు వదిలి, పట్నంలో ఏ గేటు దగ్గరో కాపలా కూర్చోవాలి.

ఆ మందు చేపల పేగుల్లో మేతను అరిగించే మంచి సూక్ష్మజీవుల్ని కూడా ఊడ్చేసిందని కృపామణికి అర్థమైంది. అలాంటి జీవులే ఉన్న ప్రోబయాటిక్ పొడి కొని, బెల్లం నీళ్ళలో కలిపి మేతకు పట్టించింది. చేపలు తిన్నాయి. పొడి ఆపగానే మళ్ళీ మానేశాయి.

"నేను పంపినవాళ్ళెవరూ ఆ కడుపులో నిలవడం లేదు మాష్టారూ. ఎంతకాలమని పంపను?" అని అడిగింది కళ్ళనీళ్ళతో.

మాష్టారు ఆమె చేతిలో ఒక పొట్లం పెట్టారు. కాఫీలో కలిపే చికోరీ వేరు నుంచి తీసిన పీచు పొడి. "ఈసారి ఎవర్నీ పంపకు. ఇది కలిపి వెయ్యి."

"ఇది చేపకి అరగదు కదండీ!"

"చేపకి అరగదు," అని ఆయన కాఫీ తాగడంలో పడ్డారు.

మాకు ఒళ్ళు మండింది. తిండి మానేసినవాటికి అరగని మేతా? కృపామణి మాత్రం దాన్ని మేతలో కలిపింది. సంచులు కొన్నాళ్ళు అలాగే వచ్చాయి, తర్వాత కాస్త తేలికయ్యాయి. ఒక సాయంత్రం తండ్రి పడవలో నిలబడి ఖాళీ సంచి గాల్లో ఊపాడు. "కృపమ్మా, మొత్తం తినేసినియ్యే!" అని ఆయన అరిచిన అరుపుకి గట్టుమీద మాకందరికీ ఏడుపొచ్చింది.

మర్నాడు ఒక చేప పేగులోంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాం. మందు వేసిన రోజుల్లో అక్కడ ఒకటీ అరా తప్ప ఏమీ కనిపించలేదు. ఇప్పుడు చూపు ఆనినంతమేరా కదలికే, తిరునాళ్ళ జనంలా. పేగులోని ఒక్క చుక్కలో ఇంత లోకమా! నిజంగా దండం పెట్టాలనిపించింది.

"మనం ఎవర్నీ పంపలేదు కదా. వీళ్ళంతా ఎక్కణ్ణుంచి వచ్చారు మాష్టారూ?" అంది కృపామణి.

"ఎక్కణ్ణుంచీ రాలేదమ్మా," అన్నారాయన. "అక్కడే ఉన్నారు, ఆకలితో."