పిల్లి తుమ్మితే కుక్క తప్పా?

సూరాయమ్మగారి పశువుల పాకలో ఆ వానాకాలం ఎలుకలు పెళ్ళిళ్ళు చేసుకుంటున్నాయి. ఊరేగింపులతో సహా! ఎందుకు చేసుకోవు? పిల్లి వస్తోందని వాటికి ముందే తెలిసిపోతోంది. పొంచి, ఒంగి, తోక బిగించి, ఇహ దూకుతుందనగా ఒక్క తుమ్ము. అంతే, ఎలుకలన్నీ కలుగులోకి. లోపల్నుంచి "చిరంజీవ!" అని దీవెన కూడాను. ఎలుకకు చెలగాటం, పిల్లికి ప్రాణసంకటం.

ఆ పిల్లి పేరు దొరసాని. పాక అటక మీద దాని మకాం. మిగతావాళ్ళంతా గడ్డి మీదా గోనెల మీదా పడుకుంటే, దొరసానికి మాత్రం బూరుగుదూది పరుపు. ఇంట్లోవాళ్ళు వద్దనుకుని అటకెక్కించిన పాత పరుపు అది. ఎవరైనా కాలు మోపితే గీరేది. ఎండలో వేద్దామే అంటే, "రంగు వెలిసిపోదూ!" అని మూతి తిప్పేది. పైన పటారం, లోన లొటారం. చెమ్మకు పరుపు ముక్కిపోతోంది, దొరసాని ముక్కు కారిపోతోంది. కళ్ళు ఎర్రన, ఒకటే దురద.

"ఎలుకల్ని పట్టని పిల్లికి పాలు దండగ. సంచిలో వేసి ఏటి అవతల వదిలెయ్యి" అని సూరాయమ్మగారు పాలేరుతో అనడం దొరసాని చెవులారా విన్నది. ఆ పూట పాలగిన్నె వదిలేసి అటకెక్కి పరుపులో దూరింది.

సరిగ్గా అప్పుడు దిగాడు నక్క జంబులింగం. చెరుకుతోటలో ఉంటాడు. ఈ మధ్యే మెడలో తిప్పతీగ చుట్టుకుని వైద్యుణ్ణంటున్నాడు.

"నాడి చూడక్కర్లేదు చెల్లెమ్మా! నీ జబ్బు గాల్లోనే ఉంది. ఈ పాకలో బొచ్చు రాల్చేవాడొకడున్నాడు, వీరబ్బాయి. ఆ బొచ్చే నీ ముక్కుకు విషం. వాణ్ణి దూరంగా కొబ్బరితోటకు తోలేయండి."

వీరబ్బాయి అంటే వాకిట్లో పడుకునే కాపలా కుక్క. వాడున్నంతకాలం కోళ్ళగూటి మీద జంబులింగం నీడ కూడా పడలేదు. ఆ సంగతి ఎవరికైనా గుర్తొచ్చిందా? రాలేదు. భయంలో ఉన్నవాళ్ళకు దోషి దొరికితే చాలు, ఆలోచన అక్కర్లేదు.

గేదె మాచమ్మ దగ్గర పంచాయితీ పెట్టారు. మాచమ్మ నెమరు వేస్తూనే విచారణ మొదలెట్టింది.

"ఏరా వీరబ్బాయీ, నీ బొచ్చు రాలుతోందా?"

"రాలుతుంది పెద్దమ్మా. కుక్కను కదా, గుండు కొట్టించుకోలేదు."

"ఒప్పేసుకున్నాడు!" అని గంతేశాడు జంబులింగం.

దొరసాని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీ మీద నాకు కోపం లేదు తమ్ముడూ. కానీ నన్ను సంచిలో వేస్తారట."

వీరబ్బాయి చెవులు వేలాడేశాడు. "పోతాలే అక్కా. నా వల్ల నీ ప్రాణం మీదికి రావడమెందుకు?"

"ఆగండాగండి!" అంటూ పక్క తాటిచెట్టు మీంచి కాకి కాటుకమ్మ దిగింది.

జంబులింగం మొహం చిట్లించాడు. "ఎద్దు పుండు కాకికి ముద్దు. రోగుల దగ్గర నీకేం పనే?"

"పనుంది మావా. మా ముత్తవ్వ తాటిచెట్టు మీద వాలిందట, సరిగ్గా అప్పుడే పండు రాలిందట. ఇంకేముంది, కాకే పండు రాల్చిందని తీర్పు! ఆ నింద మోసీ మోసీ మా జాతి ఇలా నల్లబడింది. అందుకే, 'వాడు పక్కనున్నాడు కాబట్టి వాడే చేశాడు' అని ఎవరన్నా అంటే నా ఈకలు నిక్కబొడుచుకుంటాయి." కాటుకమ్మ పిల్లి వైపు తిరిగింది. "దొరసానొదినా, మధ్యాహ్నం వీరబ్బాయి పక్కనే కూచుని చేపతల పంచుకు తింటావుగా. అప్పుడు తుమ్ముతావా?"

"లేదే!"

"మరెప్పుడు?"

"పరుపెక్కినప్పుడు. లేచినప్పుడు మరీనూ."

"వాడి బొచ్చే ఎగిరొచ్చి పరుపు మీద వాలుతుంది!" అన్నాడు జంబులింగం గబగబా.

"పక్కనుంటే ఏమీ చెయ్యని బొచ్చు, నిచ్చెనెక్కి అటక మీదికొచ్చి మరీ కరుస్తుందా? చాలా పట్టుదలున్న బొచ్చే! పోనీ, పరుపు మంచిదేనంటావా?"

"దివ్యమైన పరుపు!"

"చెమ్మగా ఉంది కదా?"

"చెమ్మ ఒంటికి చలవ."

"దులిపితే పొగలా లేస్తోందే?"

"అది దుమ్ము కాదే, వయసు!"

"అయితే వైద్యుడికి దక్షిణగా ఆ పరుపు నువ్వే పట్టుకెళ్ళు" అంది కాటుకమ్మ. "వీరబ్బాయి తోటకు పోతాడు. దొరసాని వీరబ్బాయి గోనె మీద పడుకుంటుంది, వాడి బొచ్చున్న గోనె మీదే. తుమ్ములు ఆగకపోతే వాడు శాశ్వతంగా తోటలోనే. ఆగాయా, బొచ్చు తప్పు లేనట్టే, వాడు వెనక్కి. ఏం మావా? పరుపు వద్దంటే మాత్రం, అందులో ఏదో ఉందని నువ్వే ఒప్పుకున్నట్టు."

జంబులింగం లోపల లెక్క వేసుకున్నాడు. కుక్క పోతుంది, మెత్తటి పరుపు వస్తుంది, తీర్పు తేలేలోపు కోళ్ళగూడు ఖాళీ. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే! "సరే" అన్నాడు.

దొరసాని పరుపును గట్టిగా వాటేసుకుంది. "నా పరుపే!"

"పరుపు కావాలా, సంచి కావాలా వదినా?" అంది కాటుకమ్మ.

"పట్టుకుపో అన్నయ్యా" అంది దొరసాని, ముక్కు చీదుతూ.

జంబులింగం పోతూ పోతూ అటక ఊడ్చిపెడతానని తోక ఝాడించబోయాడు. "పొడి చీపురు పెట్టావో, దుమ్మంతా లేచి మా ముక్కుల్లోకొస్తుంది!" అని కాటుకమ్మ అరిచింది. వీరబ్బాయే కుడితిగోలెం పక్క నీళ్ళలో తోక ముంచి, మూలమూలలా తడిగా తుడిచి, తలొంచుకుని తోటకు వెళ్ళిపోయాడు. వాడి గోనె సూరాయమ్మగారు చాకిరేవు రోజున బట్టలతో పాటు మరిగే నీళ్ళలో ముంచి, కంచె మీద ఎండేసేదే. దాని మీద వాడి బొచ్చు పడుంటే పడుంది గానీ, చెమ్మ అన్నది లేదు.

అక్కడ జంబులింగం పరుపును నెత్తిన పెట్టుకుని మోసి, చీకటి బొరియలో పరిచాడు. ఇంతకీ ఆ పరుపులో కాపురముండేది దుమ్ము పురుగులు. కంటికి ఆనవు, కరవవు. ఒంటి నుంచి రాలే పొట్టు తింటాయి, చెమ్మలో పిల్లల్ని కంటాయి. గిట్టని ముక్కుకు వాటి పెంటే చాలు, తుమ్ముల జాతర.

"కొత్త యజమానర్రా!" అని పెద్ద పురుగు కేకేసింది. "బొచ్చెక్కువ, స్నానం తక్కువ. పైగా సూర్యుడి మొహం చూడని ఇల్లు. ఇహ మనకు దిగులు లేదు, పదండి!"

పాకలో దొరసాని మొదట ఒకటీ అరా తుమ్మింది. తర్వాత అదీ లేదు. ఓ పొద్దున ఎలుకల ఊరేగింపు వచ్చింది, పెళ్ళికొడుకు ముందూ బంధువులు వెనకా. దొరసాని పొంచింది, ఒంగింది, దూకింది. పెళ్ళి ఆగిపోయింది. సూరాయమ్మగారు పాలగిన్నె నిండా పోశారు.

కాటుకమ్మ కొబ్బరితోట మీదికి ఎగిరి కబురందించింది. మధ్యాహ్నానికే వీరబ్బాయి వెనక్కొచ్చి గడ్డివాము చాటున పడుకున్నాడు. మెత్తటి పరుపు వదల్లేక, కోళ్ళ పని రేపూ మాపూ అంటూ దొర్లుతున్న జంబులింగానికి ఈ సంగతి తెలీదు. సందెవేళకు కంచె కింద నుంచి దూరి కోళ్ళగూటి దగ్గరికొచ్చాడు. తలుపు గడియ మీద పంజా వేశాడు. ముక్కులో ఏదో గిలి. ఊపిరి బిగబట్టాడు, పెదవి కొరుక్కున్నాడు, పంజాతో ముక్కు నొక్కుకున్నాడు.

గూడు అదిరిపోయేలా తుమ్మాడు.

కోళ్ళు గోల పెట్టాయి. వీరబ్బాయి ఒక్క గెంతులో మీదపడ్డాడు. కళ్ళ నీళ్ళకు దారి కనపడక జంబులింగం అటూ ఇటూ పరిగెత్తి నేరుగా పేడగోతిలో పడ్డాడు. మెడదాకా కూరుకుపోయాడు.

"కాటుకమ్మా, నిజం చెప్పవే, పరుపు సంగతి నీకు ముందే తెలుసా?" అని ఏడుపుగొంతుతో అడిగాడు.

"తెలుసు మావా. సూరాయమ్మగారి మనవరాలు ఇలాగే తుమ్ములతో అల్లాడితే, డాక్టరమ్మ దుప్పట్లు మరిగే నీళ్ళలో పెట్టమంది, గది పొడిగా ఉంచమంది, పరుపు మార్చమంది. కిటికీ మీద కూచుని విన్నాలే. అందుకే కదా అది అటకెక్కిందీ."

"మరి ఆ మాట పంచాయితీలో చెప్పలేదేం?"

"చెబితే నువ్వు కాదనేవాడివి" అంది కాటుకమ్మ. "ఇప్పుడు కాదను, చూద్దాం!"

జంబులింగం నోరు తెరిచాడు. తుమ్మొచ్చింది.

నీతి: తుమ్ము వచ్చిందని ఎదుటివాడి బొచ్చు లెక్కపెట్టకు, ముందు నీ పరుపు ఎండలో వెయ్యి.