వాన గెలిచిన మైదానం

ఎర్రదిన్నె చౌడమ్మ గుడి ఊళ్లో లేదు, క్రికెట్ స్టేడియం లోపల, ఉత్తరం బౌండరీ పక్కన ఉంది. మ్యాచ్ జరుగుతుండగా ప్రదక్షిణ చేసేవారు బంతి మీద ఒక కన్ను వేసి ఉంచాలి. అమ్మవారు కాపాడుతుంది, కాదనము. కానీ నెత్తి మనది కదా! ఈ స్థలానికి వానగెలుపు మైదానమని పేరెందుకు వచ్చిందో భక్తులు అడుగుతుంటారు.

పూర్వం ఇక్కడ కంపచెట్ల నడుమ అమ్మవారి రాయి, దాని ముందు గట్టినేల మాత్రమే ఉండేవి. ఊరి జట్టు అక్కడే ఆడేది. నాయకుడు కుళ్లాయప్ప వేరుశనగ రైతు. పొరుగూరు గుండ్లవంక జట్టును ఒక్కసారైనా ఓడించాలని అతని పంతం. మోకాళ్లు అరిగిపోయి, ఆ ఏడాదితో ఆట మానేస్తానని ఇంట్లో మాట ఇచ్చాడు. ఆఖరి మ్యాచ్ గుండ్లవంకతోనే పడింది. అప్పటికి వేరుశనగ పైరు ఊడలు దిగి కాయ పట్టే అదను, వాన చూస్తే మొహం చాటేసింది.

మ్యాచ్ నాటి పొద్దున ఊరంతా కలిసి వాన కురవాలని టెంకాయ కొట్టారు. మధ్యాహ్నానికి గుండ్లవంక కొద్ది పరుగులకే ఆలౌటైంది, అదే వేళకు ఈశాన్యాన మబ్బు లేచింది. అంతే, అదే జనం పరుగున వెళ్లి, మనం గెలిచేదాకా వాన రాకూడదని ఇంకో టెంకాయ కొట్టారు! పాపం, ఆ తల్లి మాత్రం ఏం చేస్తుంది?

విరామంలో కుళ్లాయప్ప ప్యాడ్లు కట్టుకుని అలాగే కునుకు తీశాడు. అమ్మవారు కలలో కనిపించింది.

“ఏమిరా, పొద్దున రమ్మంటిరి, ఇప్పుడు వద్దంటిరి. నాకేమన్నా పనీపాటా లేదనుకున్నారా? ఆట కావల్నో వాన కావల్నో ఒకటి చెప్పు.”

“ఆట అయినాక కురిస్తే నీ సొమ్మేం పోతుంది తల్లీ?”

“అంతదాకా మబ్బు ఆగుతుందా? పోయి గుండ్లవంక మీద కురుస్తుంది.”

కుళ్లాయప్ప దిగ్గున లేచి రాయి దగ్గరికి వెళ్లాడు. “రెండో టెంకాయ వాపసు తీసుకుంటున్నామమ్మా. తొలి చినుకు పడితే ఆట నీది” అని అందరూ వినేలా మొక్కాడు. జట్టులోని నబీరసూలు మండిపడ్డాడు.

“మతి పోయిందా కుళ్లాయన్నా? గెలిచే మ్యాచ్ ఇది!”

“గెలిచి ఏం తింటాం నబీ?”

ఆ తర్వాత అతడు మోకాళ్ల నొప్పి మరచి బాదాడు. ఇంకొక్క ఫోర్ కొడితే గెలుపనగా చినుకు పడింది. “తడుస్తూనే ముగిద్దాం రాప్పా” అని గుండ్లవంక నాయకుడే పెద్దమనసుతో అన్నాడు. కుళ్లాయప్ప తల అడ్డంగా ఊపి, బ్యాటు నేల మీద పెట్టేశాడు.

కుండపోతగా కురిసింది. రెండు ఊళ్ల జనం కలిసి చిందులేశారు. కుళ్లాయప్ప వెక్కివెక్కి ఏడ్చాడు. అవి ఆనందబాష్పాలని పెద్దలంటారు. సగం ఆ మ్యాచ్ కోసమేనని ఆయన భార్య ఓబులమ్మ చెప్పేది. మేము ఆమె మాటే నమ్ముతాము. ఆ ఏడు పైరు నిలిచింది. నబీరసూలే కోపం దిగమింగి, స్కోరు బోర్డు మీద ‘గెలిచింది: వాన’ అని రాశాడు.

నేడు గ్యాలరీలు వచ్చాయి, లైట్లు వచ్చాయి. పిచ్ మీద కప్పే పట్టాలు మాత్రం ఇక్కడ కొనరు. మ్యాచ్‌కు ముందు రెండు జట్లూ కలిసి ఒకే టెంకాయ కొడతాయి. వాన ఆపిన మ్యాచ్ వానదే. ఇక్కడ మొక్కుకున్నవారి చేలు అదనులో తడుస్తాయని నమ్మకం. అయినా కరువు నేల కదా, ఇన్నేళ్లలో ఈ మైదానంలో అందరికన్నా తక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టు వానే. ఈ ఏడాదైనా ఆ తల్లి దాన్ని గెలిపించుగాక!